రెండు లక్షల బేస్ గిటార్ మన ధ్వనికి తగినదా కాదా అన్నది ఎక్కడ తేలుతుంది?

పానగల్లు బేస్ (నల్లగొండ):

పదకొండేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నాను. ఆదివారాలు మా సంఘం ఆరాధనలో, పెళ్లిళ్ల కాలంలో ఒక ఆర్కెస్ట్రా బృందంతో, అప్పుడప్పుడు జానపద పాటల రికార్డింగులలో నా పని సాగుతుంది. నా దగ్గర ఉన్నది ఎప్పుడో రూ.18,000 పెట్టి కొన్న ఐదు తీగల గిటారు. మూడు పెళ్లిళ్ల కాలాల సంపాదనలోంచి పక్కన పెట్టుకుంటూ వచ్చిన డబ్బు ఇప్పుడు రూ.2,20,000 అయింది. పోయిన నెల హైదరాబాద్ వెళ్లి, లోపల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (ధ్వనిని పెంచి, హెచ్చుతగ్గులు దిద్దే చిన్న సర్క్యూట్) ఉన్న ఖరీదైన ఐదు తీగల బేస్‌ను ఒక దుకాణంలో అరగంట వాయించి చూశాను. అద్దాల గది, నా నడుము ఎత్తున్న యాంప్. అన్నిటికంటే లావైన మంద్ర తీగ మీటితే నేల కదిలినట్టే అనిపించింది. తిరుగు బస్సు చౌటుప్పల్ దాటేసరికి మాత్రం అనుమానం మొదలైంది: నేను విన్నది ఆ గిటారునా, ఆ యాంప్‌నా, ఆ గదినా?

మా బృందంలో రెండు వాదాలు ఉన్నాయి. చేతిలోకి తీసుకున్న క్షణాన మనసుకు తెలిసిపోతుందని, అంతకు మించిన పరీక్ష లేదని ఒకరంటారు. మన పాటల్లో ఆ తేడా ఎవరి చెవికీ అందదు కాబట్టి పరీక్షే అనవసరమని మా కీబోర్డు వాద్యకారుడు అంటాడు. కొనాలా వద్దా అని నేను అడగడం లేదు. తగినదా కాదా అన్నది ఎక్కడ, ఏ విధంగా తేల్చుకోవాలో కారణాలతో చెప్పమని కోరుతున్నాను.

మిర్యాలగూడ మిక్సర్:

ఇరవై ఏళ్లుగా సౌండ్ నడుపుతున్న వాడిగా మీ కీబోర్డు వాద్యకారుడి పక్షమే తీసుకుంటాను, అయితే నా కారణం వేరు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగ శ్రుతి 41 హెర్ట్జ్ (సెకనుకు 41 కంపనాలు) దగ్గర, ఐదు తీగల దానిలో అంతకన్నా లావైన ఐదో తీగ శ్రుతి 31 హెర్ట్జ్‌కు కొంచెం తక్కువగా ఉంటుంది. మన ఫంక్షన్ హాళ్లకు అద్దెకు వచ్చే స్పీకర్ బాక్సుల్లో చాలా వాటికి 50 హెర్ట్జ్ దిగేసరికే ఊపిరి అందదు. అయినా ఆ స్వరం వినబడుతున్నట్టే ఉంటుందంటే, దాని పైన ఉండే రెట్టింపు, మూడింతల ధ్వనులను పట్టుకొని అడుగు స్వరాన్ని మన చెవే కట్టుకుంటుంది. సెల్‌ఫోన్‌లో పాట వింటున్నప్పుడు బేస్ వినబడేది కూడా ఈ విధంగానే. అంటే మీరు దుకాణంలో ముచ్చటపడిన నేల కదిలే భాగం మా బాక్సుల్లోంచి బయటికే రాదు.

ఇంకొక మాట. ఆ ప్రీయాంప్‌లో మీరు ఇష్టంగా పెంచుకున్న అడుగు ధ్వనిని మిక్సర్ దగ్గర నేను మొట్టమొదట కోసేస్తాను. ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద మోగే కిక్కు డ్రమ్ము, కీబోర్డు వాద్యకారుడి ఎడమ చెయ్యి, జానపదం అయితే వాటికి తోడు డప్పు, ఇవన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. ఆ రద్దీలోంచి బేస్ బయటపడేది మధ్యస్థాయి ధ్వనితోనే, అది మీ రూ.18,000 గిటారులోనూ ఉంది.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్):

మిక్సర్ గారు చెప్పిన శాస్త్రం సరైనదే, తీర్పు మాత్రం తొందరపాటుగా తోస్తున్నది. బాక్సులోంచి బయటికి వచ్చేదొకటి, వాయించేవాడి చేతికి అందేదొకటి. రెండింటినీ కలిపి తూచితే ఏ లెక్కా తెగదు.

ముందుగా, ధర పెరిగిన కొద్దీ ధ్వని మెట్టుమెట్టుగా మెరుగవుతుందన్న భావనను పక్కన పెట్టాలి. అమెరికా గిటార్ తయారీదారు లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను తెచ్చినప్పుడు ఆయన ముందున్నవి వాడుక అవసరాలు: నిలువెత్తు డబుల్ బేస్‌ను మోసుకు తిరగనక్కర లేకుండా, ఆర్కెస్ట్రా హోరులో వినబడేలా, ఫ్రెట్ల (నెక్, అంటే గిటారు మెడ మీది లోహపు మెట్ల) సాయంతో అపశ్రుతి పోకుండా వాయించగలగడం. 34 అంగుళాల తీగ పొడవు అప్పటిదే, ఇప్పటికీ ఎక్కువ గిటార్లకు అదే కొలత. 1957లో దాని, తీగ కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే పికప్‌ను రెండు ముక్కలు చేసి, కరెంటు వల్ల వచ్చే మోత అయిన హమ్‌ను అణిచారు. 1960లో రెండు పికప్పులతో, సన్నని నెక్‌తో జాజ్ బేస్ వచ్చింది. 1976లో మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే వచ్చి, లోపలే ప్రీయాంప్ పెట్టి అమ్మే పద్ధతికి బాట వేసింది. వీటిలో ఒకటి మరొకదాని కన్నా మేలైనదని చెప్పలేము. మూడూ మూడు గొంతులు. 1960ల మోటౌన్ (అమెరికా రికార్డు కంపెనీ) రికార్డింగులలో బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ ఎక్కువగా వాయించింది 1962 నాటి మామూలు ప్రెసిషన్ బేస్, దానికి చదును తీగలు (పైచుట్టు నున్నగా ఉండేవి), అవీ తెగితే తప్ప మార్చనివి. ఈ రోజు ఖరీదైన గిటార్లలో మనం వెతికే మెరుపు ఆ ధ్వనిలో వెతికినా దొరకదు. కనుక పానగల్లు గారు మొదట తేల్చుకోవలసింది తమ పాటలు ఏ గొంతును కోరుతున్నాయన్నది, ధర ఆ తరువాతి మాట.

ఇక పరీక్ష సంగతి. మీ పాత గిటారును, మీరు వేదిక మీద వాడే కేబుల్‌ను వెంట తీసుకొని వెళ్లండి. బ్యాటరీ లేని గిటార్లలో కేబుల్ పొడవు పెరిగిన కొద్దీ పై ధ్వని తరుగుతుంది. దుకాణంలో ఉండే మూరెడు కేబుల్‌తో విన్నది వేదిక మీద దొరకదు. తీగలు ఎంత పాతవో చూసుకోండి, ఎందుకంటే కొత్త తీగలున్న నాసి గిటారు కూడా నాలుగేళ్ల తీగలున్న మేలి గిటారును మొదటి నిమిషంలో ఓడిస్తుంది. ప్రీయాంప్ నాబులన్నీ మధ్యలో పెట్టి, రెండింటి బిగ్గరతనం సమానంగా వచ్చేదాకా సరిచేయండి. ప్రీయాంప్ ఉన్నది సహజంగానే గట్టిగా వినిపిస్తుంది, గట్టిగా వినిపించేది మన చెవికి మంచిదిగా తోస్తుంది. సగం అమ్మకాలు ఇక్కడే జరుగుతాయని నా అనుమానం. సన్న తీగ మీద ఐదు నుంచి ఏడు ఫ్రెట్ల మధ్య ఒక్కొక్క స్వరాన్ని మీటి వదిలేయండి. అక్కడ ఒక స్వరం చటుక్కున చచ్చిపోవడం పేరున్న గిటార్లలోనూ ఉంటుంది, అది ఆ నెక్ చెక్క స్వభావం, ఎంత డబ్బు పోసినా ఆ గిటారులో అది మారదు.

అన్నీ అయ్యాక రెండింటినీ యాంప్ లేకుండా నేరుగా రికార్డు చేసుకొని, ఇంటికి వచ్చి మీ బృందం పాటల్లో కలిపి, ఏది ఏదో తెలియకుండా వినండి. ఒంటరిగా వినడానికి ఇంపైన బేస్ పాటలో కలిసేసరికి మాయమైపోవడం, ఒంటరిగా మొరటుగా అనిపించినది పాటలో చక్కగా కూర్చోవడం నాకు ఎన్నోసార్లు అనుభవమే.

ఒక హెచ్చరిక కూడా. ఏసీ గదిలో చూసిన తీగల ఎత్తును, అంటే యాక్షన్‌ను నమ్మవద్దు. నాలుగు తీగలే కలిసి డెబ్బై ఎనభై కిలోల బరువుతో నెక్‌ను లాగుతుంటాయి, ఐదో తీగ దానికి అదనం. పాలమూరు మే నెలకు, ఆ తరువాతి ముసురుకు చెక్క వేర్వేరుగా స్పందిస్తుంది. నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే ట్రస్ రాడ్ రెండు వైపులా తిరిగి పని చేస్తున్నదో లేదో అక్కడే తిప్పించి చూడాలి.

మూసీ ఒడ్డు (సూర్యాపేట):

ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. మన హాళ్లలో ఎర్తింగ్ ఉన్న చోట్లు తక్కువ. జాజ్ బేస్ రకం గిటార్లలో రెండు పికప్పులూ పూర్తిగా తెరిచి ఉంచినంత వరకు ఒకదాని హమ్‌ను మరొకటి కొట్టేస్తుంది. ధ్వని కోసం ఒక నాబు తగ్గించామో, హమ్ లేస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో పలికే స్వరం 49 హెర్ట్జ్. ఆ రెండూ కలిసి సెకనుకొకసారి అలలా ఊగుతుంటే, శ్రుతి తప్పింది నేనేనని ఒక కార్యక్రమంలో సగం సేపు తీగ బిరడాలు తిప్పుతూ కూర్చున్నాను. ఆ రకం పికప్పులున్న రెండు లక్షల గిటారు కూడా ఆ హాల్లో అదే పని చేస్తుంది. రికార్డు చేసుకొని వినే పరీక్షలో ఇది తెలియదు, వేదిక మీద పరీక్షిస్తేనే తెలుస్తుంది.

అలాగే 9 వోల్టుల బ్యాటరీ ఒక క్రిస్మస్ రాత్రి రెండో పాటలో కన్నుమూసింది. ప్రీయాంప్ లేకుండా నడిచే స్విచ్ ఉందో లేదో చూడకుండా ఎవరూ డబ్బు చెల్లించవద్దు.

మిర్యాలగూడ మిక్సర్:

పిల్లలమర్రి గారి పరీక్ష పద్ధతికి నా అభ్యంతరం లేదు. ఒకటే అడుగుతాను: కళ్లు మూసుకొని విన్నప్పుడు రూ.18,000 గిటారే గెలిస్తే, పానగల్లు గారు ఆ తీర్పుకు కట్టుబడతారా? లేక చేతికి హాయిగా ఉందన్న మాటతో ఖరీదైనదే తెచ్చుకుంటారా? రెండోదే జరిగేటట్టయితే పరీక్ష ఎందుకు పెట్టుకోవడం?

పానగల్లు బేస్ (నల్లగొండ):

మొదట వెళ్లిన దుకాణంలో రికార్డింగుకు ఒప్పుకోలేదు, రెండో దుకాణంలో ఒప్పుకున్నారు. ఖరీదైన ఐదు తీగల గిటారును, నా పాతదాన్ని, వాటితో పాటు పిల్లలమర్రి గారి మాట గుర్తుకు వచ్చి దానిలో సగం ధర కూడా లేని నాలుగు తీగల ప్రెసిషన్ రకాన్ని మూడు పాటల మీద రికార్డు చేసుకొని వచ్చాను. పేర్లు దాచిపెట్టి మా బృందంలో ముగ్గురికి వినిపించాను.

ఐదో తీగ స్పష్టతలో ఖరీదైనదానికి ముగ్గురూ ఓటు వేశారు. నా పాతదానిలో ఆ తీగ స్వరం పలకడం కన్నా గొణగడమే ఎక్కువ, ఇది ఒప్పుకోవలసిందే. ఆరాధన పాటలు రెండింటిలోనూ ప్రెసిషన్ రకం గెలిచింది. జానపద పాటలో డప్పు మోగే చోట ముగ్గురిలో ఇద్దరు నా పాత గిటారునే ఎంచుకున్నారు. వారం తరువాత పాతదానికి కొత్త తీగలు వేయించి, ఫ్రెట్లు సాఫు చేయించి మళ్లీ వింటే, మొదట నేను ధరకు ముడిపెట్టిన తేడాలో సగం ఎగిరిపోయింది. పదకొండేళ్లలో ఆ పని ఒక్కసారీ చేయించలేదని చెప్పుకోవడానికి కొంత సిగ్గుగానే ఉంది.

మిక్సర్ గారి ప్రశ్నకు సమాధానం: ధ్వని విషయంలో కట్టుబడతాను. చేతి విషయంలో మాత్రం ఖరీదైనదాని నెక్ మీద గంటసేపు వాయించినా మణికట్టు నొప్పి పెట్టలేదన్న మాట దాచలేను.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్):

నేను చెప్పిన పరీక్షకు నేనే ఒక లోపం చూపించాలి. మీరు రికార్డు చేసిన పాటల్లో బేస్ వరుసలు పదకొండేళ్లుగా ఆ పాత గిటారు మీద కట్టుకున్నవి. ఐదో తీగ గొణుగుతుంది కాబట్టి దాన్ని తప్పించుకుంటూ కట్టారు. పాతదాని కొలతకు కుట్టిన చొక్కాను కొత్తదానికి తొడిగి బాగాలేదనడం న్యాయం కాదు. ఆ తీగ బాగా పలికే గిటారు చేతికి వస్తే మీరు వాయించే పద్ధతే మారవచ్చు.

మిర్యాలగూడ మిక్సర్:

ఆ తర్కంతో లోకంలో ఏ గిటారునైనా కొనవచ్చు. మారబోయే పద్ధతి కోసం కాకుండా, ఉన్న పనికి డబ్బు పెట్టడమే నాకు తెలిసిన లెక్క.

పానగల్లు బేస్ (నల్లగొండ):

ఇద్దరి మాటా పట్టించుకొని నిన్న ఒక లెక్క తీశాను. మేము తరచుగా వాయించే 64 పాటల్లో అడుగు ఐదో తీగ తప్పనిసరి అయ్యేవి ఏడే. అవి కూడా గాయకుడు గొంతు బాగాలేదన్నప్పుడు కీబోర్డు వాద్యకారుడు ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి శ్రుతి దించే పాటలు. ఆ రోజుల్లో ఐదో తీగ లేకపోతే అడుగు స్వరాన్ని పై స్థాయిలో వాయించుకోవాలి, పాట తేలికబడిపోతుంది. ఆ ఏడింటిలో నాలుగు, పెళ్లిళ్లలో జనం తప్పకుండా అడిగేవి.

రెండో దుకాణం వారు కొంత డబ్బు బయానాగా తీసుకొని నాలుగు తీగల గిటారును పది రోజులు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ ఏడు పాటలతో వచ్చే శనివారం దేవరకొండలో ఒక కార్యక్రమం ఉంది. మిక్సర్ దగ్గర మా వాళ్లను కాకుండా తెలియనివారిని కూర్చోబెట్టి, పాత ఐదు తీగలది సగం పాటలకు, ఆ నాలుగు తీగలది సగం పాటలకు వాయిస్తాను. ఎర్తింగ్ ఎలా ఉందో ముందే చూసుకుంటాను.