నేను నొక్కలేదు, వేలు దానంతటదే నొక్కింది

మాజీ_నాయక్:

అందరికీ నమస్కారం. ఆర్మీలో 17 ఏళ్లు చేసి నాయక్‌గా వచ్చేశాను. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక బ్యాంకు బ్రాంచిలో గన్‌మన్‌ని. చేతిలో ఉండేది డబుల్ బ్యారెల్ పన్నెండు బోర్. పోయిన గురువారం జరిగింది ఇప్పటికీ మింగుడు పడటం లేదు. ఇంట్లో కూడా చెప్పలేదు.

సాయంత్రం షట్టర్ దించాలి. మా షట్టర్ సగంలో పట్టేస్తుంది, గ్రీజు పెట్టించమని మేనేజర్ గారికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అటెండర్ కుర్రాడు చాయ్‌కి పోయాడు. సరేలే అని కుడి చేత్తో తుపాకీ పట్టుకుని, ఎడం చేత్తో షట్టర్ పిడి బలంగా గుంజాను. సరిగ్గా అప్పుడే ఎదురు రోడ్డులో బరాత్. మర్ఫా మోగుతూనే ఉంది, ఎవడో లడీ అంటించాడు. ఉలిక్కిపడ్డాను. తేరుకుని చూసుకుంటే కుడి చూపుడు వేలు ట్రిగ్గర్ మీద ఉంది, గోరు తెల్లబడేంత గట్టిగా బిగిసి. సేఫ్టీ వేసి ఉండబట్టి సరిపోయింది. గొట్టం మెట్ల వైపు ఉంది. ఆ మెట్ల పక్కనే పూలమ్మే ఆవిడ కూర్చుంటుంది.

ఒట్టేసి చెబుతున్నా, నేను నొక్కలేదు. వేలు లోపలికి ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. పోస్టు మీద ఉన్నప్పుడు పక్కన కాల్పులు జరిగినా చెయ్యి కదలని మనిషిని. 52 ఏళ్లొచ్చాక పెళ్లి పటాకులకు బెదిరానా? నరాల డాక్టరుకు చూపించుకోవాలా, లేక ఉద్యోగమే మానేయాలా?

ఫిజియో_మలక్‌పేట:

బాబాయ్ గారూ, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. పెద్ద చప్పుడు వినగానే మెదడు కాండం మనల్ని అడక్కుండానే కండరాలకు కబురు పంపేస్తుంది. కనురెప్ప 40 మిల్లీసెకన్ల ప్రాంతంలోనే మూతపడుతుంది. వెంటనే మెడ, భుజాలు, చేతులు ముడుచుకుంటాయి. అదే చప్పుడు విని, కావాలని వేలు కదపాలంటే చురుకైన వాళ్లకు కూడా 150 మిల్లీసెకన్లు పడుతుంది. ‘ఓహో, పటాకులా’ అని మీరు అనుకునేలోపే పిడికిలి బిగిసిపోయింది. ఇందులో పిరికితనం లేదు, వయసు కూడా కాదు.

అయితే నాకు మాత్రం అసలు దొంగ షట్టరే అనిపిస్తోంది. ఒక చేత్తో బలంగా లాగితే రెండో చేతి కండరాలకూ ఆ బిగువు కొంత పాకుతుంది. క్లినిక్‌లో రోజూ చూస్తాను. ఎడం చేత్తో గ్రిప్ మీటర్ నొక్కమంటే, ఒళ్లో పెట్టుకున్న కుడి చేతి వేళ్లు కూడా మెల్లగా ముడుచుకుంటాయి. వాళ్లకు తెలియదు, చూపిస్తే నవ్వుతారు. ఇంట్లో గ్యాస్ సిలిండర్‌ను ఒంటి చేత్తో లాగుతూ, ఖాళీగా ఉన్న చేతిని ఒకసారి గమనించండి.

రోజర్ ఎనోకా అనే శాస్త్రవేత్త 2003లో, అనుకోకుండా పేలే తుపాకుల గురించి రాస్తూ ఇలాంటి కారణాలు మూడు చెప్పాడు: ఉలికిపాటు, తూలి పడబోవడం, ఒక చేతి బలం రెండో చేతికి పాకడం. మీకు రెండు ఒకేసారి కలిశాయి. మెట్టు మీద కాలు జారి ఉంటే మూడూ అయ్యేవి. మామూలప్పుడు కూడా చేతుల్లో వణుకో తిమ్మిరో ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పిస్టల్_పిల్ల:

అంకుల్, నేను సిటీలో ఒక రేంజ్‌లో ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నాను. మా పోటీల్లో ట్రిగ్గర్ బరువు, అంటే అది కదలడానికి వేలు వెయ్యాల్సిన బలం, కనీసం 500 గ్రాములు ఉండాలి, అంటే అర లీటరు పాల ప్యాకెట్ అంతే. మొదటి నెలలో వెనకాల ఎవరిదో స్టీలు బాటిల్ కింద పడింది, నా పెల్లెట్ పోయి టార్గెట్ పెట్టే స్టాండుకు తగిలింది. సార్ అరుస్తారనుకున్నా. ‘వేలు ఎక్కడ పెట్టావ్?’ అని ఒక్కటే అడిగారు.

నేను వేలు చాచే పెట్టాను, కానీ ట్రిగ్గర్ గార్డు, అదే ట్రిగ్గర్ చుట్టూ ఉండే రింగు, దాని అంచు మీద. ఉలిక్కిపడితే వేలు ముడుచుకుంటుంది కదా, అంచు మీద ఉన్నది నేరుగా లోపలికే జారుతుంది. ఇంకా పైన, ఇనుప బాడీకి పక్కన ఆనించి పెడితే ముడుచుకున్నా అక్కడే పట్టుకుంటుంది. ఆరు నెలలు పట్టింది అది అలవాటు కావడానికి. టీవీ రిమోట్ పట్టుకున్నా ఇప్పుడు వేలు పక్కకే పోతోంది, మా అమ్మ నవ్వుతుంది.

రిటైర్డ్_ఆర్మరర్:

తమ్ముడూ, పిల్లలిద్దరూ బాగా చెప్పారు గానీ నిన్ను తిట్టలేదు. ఆ పని నేను చేస్తా. నిండు తుపాకీ చేతిలో ఉండగా షట్టర్ ఎందుకు పట్టుకున్నావు? పన్నెండు బోర్ ట్రిగ్గర్ బరువు రెండు కిలోల చిల్లర. బిగిసిన పిడికిలికి అదొక లెక్కా?

సేఫ్టీ కాపాడిందని దండం పెట్టుకోకు. చాలా డబుల్ బ్యారెల్స్‌లో అది ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, తూటాను పేల్చే దెబ్బ కొట్టే లోపలి హ్యామర్‌ను కాదు. ఆ హ్యామర్‌ను పట్టి ఉంచే కొక్కెం, అదే సియర్, అరిగి ఉన్నా, తుపాకీ కింద పడినా, సేఫ్టీ వేసి ఉన్నా పేలొచ్చు. అంత గట్టిగా గుంజావు కాబట్టి ఒకసారి మెకానిజం చూపించు. షట్టర్ అటెండర్ దించాలి, నువ్వు తుపాకీతో నిలబడాలి. అటెండర్ లేకపోతే బ్యారెల్ వంచి రెండు తూటాలూ తీసి, తుపాకీ లోపల పెట్టి తాళం వేసి, ఆ తర్వాతే షట్టర్ జోలికి పో. గోడకు ఆనించి మాత్రం పోకు.

మాజీ_నాయక్:

తిట్టినందుకు థాంక్స్ అన్నా. ఆర్మీలో ‘ఖాలీ కర్’, అంటే తుపాకీ ఖాళీ చెయ్యడం, అయ్యాకే వేరే పని. బ్యాంకు కుర్చీలో కూర్చున్నాక ఆ అలవాటు ఎక్కడ పోగొట్టుకున్నానో.

రాత్రి సిలిండర్ లాగి చూశాను. రెండో చెయ్యి నిజంగానే బిగిసింది. ఒకటికి నాలుగుసార్లు లాగుతుంటే మా ఆవిడ వచ్చి ఏం చేస్తున్నావని అడిగింది. అప్పుడు మొత్తం చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆ పూలావిడకు పిల్లలున్నారా అని అడిగింది.

తుపాకీ చూపించడానికి రేపు తీసుకెళ్తున్నాం. షట్టర్ సంగతి మేనేజర్ గారికి కాగితం మీద రాసిచ్చాను. గ్రీజు ఇంకా రాలేదు.