ఫ్లూయిడ్ ట్రైనర్‌లో 15 నిమిషాలకే లోడ్ తగ్గుతోంది

ప్రశ్న: నాది ఇంట్లోనే సైకిల్ బిగించి తొక్కే ఫ్లూయిడ్ ట్రైనర్ (లోపలి నూనె తొక్కుడుకి బరువునిచ్చే స్టాండు), వెనక చక్రం రోలర్‌కి ఆనే రకం. అదే గేరు, అదే వేగం, అయినా కాసేపటికి తొక్కుడు తేలికైపోతోంది. గట్టిగా తొక్కితే టైరు జారుతోంది కూడా. నూనె కారుతోందంటారా?

జవాబు: కారితే యూనిట్ కింద జిడ్డు కనిపిస్తుందండి. లేదంటే వేడే కారణం: లోపలి సిలికాన్ నూనె వేడెక్కి పలచబడుతుంది. 10 నిమిషాలు తొక్కాకే పవర్ (వాట్ల) రీడింగులు చూడండి, కాలిబ్రేషన్ (రీడింగు సరిచేసుకోవడం) కూడా అప్పుడే.

మరో జవాబు: జారడం వేరే సంగతి. ముందు టైరులో గాలి చూడండి, ప్రతిసారీ ఒకే పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాలి. రోలర్‌ని స్పిరిట్ గుడ్డతో తుడవండి. రోలర్ టైరుని తాకాక, దాన్ని టైరుకి నొక్కే నాబ్ రెండు చుట్లు బిగించి, చక్రాన్ని కదలకుండా పట్టుకుని ఫ్లైవీల్‌ని (రోలర్‌తో పాటు తిరిగే బరువైన చక్రాన్ని) చేత్తో తిప్పండి. రోలర్ జారితే ఇంకో అర చుట్టు. మరీ బిగిస్తే టైరు త్వరగా అరుగుతుంది. కొండదారి బొడిపెల టైరైతే మాత్రం ఎంత బిగించినా లాభం లేదు, నున్నటిది వేయండి.

ప్రశ్న అడిగినవారు: జిడ్డు లేదు. గాలే తక్కువుంది, థాంక్సండి.