చిక్ వెబ్ డ్రమ్స్ బాగా వినిపించే రికార్డులు ఏవి?

జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ పాటలు వింటూ వింటూ, ఆవిడ పాడిన బ్యాండ్‌ని నడిపిన డ్రమ్మర్ చిక్ వెబ్ దగ్గరికి వచ్చాను. చిన్నప్పుడే వెన్నెముకకి క్షయ వచ్చి గూనితో పొట్టిగా ఉండిపోయిన మనిషి, న్యూయార్క్ హార్లెమ్‌లోని సావోయ్ బాల్‌రూమ్ అనే డాన్స్ హాల్లో 1937 మేలో బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్‌తో పోటీకి దిగి గెలిచాడని, అవతలి డ్రమ్మర్ జీన్ క్రూపా అంతటివాడే తల వంచాడని చదివాక ఇక ఆగలేకపోయాను. 1939లో పోయాడు, ఆ తర్వాత బ్యాండ్‌ని ఎల్లాయే నడిపింది.

నా సమస్య ఏంటంటే, స్టూడియో రికార్డుల్లో ట్రంపెట్లు, సాక్సోఫోన్ల కింద అతని డ్రమ్స్ అణిగిపోతున్నాయి (అప్పటి మైకులతో అంతేనేమో). ఆ వాయింపు స్పష్టంగా తెలిసేవి, రేడియో ప్రసారాలైనా సరే, ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఎల్లా పాడినవి వద్దు, చాలానే విన్నాను. నాకు డ్రమ్స్ వాయించడం రాదు, కాబట్టి ఎక్కడ ఏం గమనించాలో కూడా కాస్త చెప్పరూ?