మధ్యవర్తి అంటే రాజీ కుదిర్చేవాడా, తీర్పు చెప్పేవాడా?

కోర్టు బయట ఒకరు ఇద్దరి వాదనా విని తీర్పు చెప్పే ఆర్బిట్రేషన్‌నీ మధ్యవర్తిత్వం అంటున్నారు, ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే మీడియేషన్‌నీ మధ్యవర్తిత్వమే అంటున్నారు. రెంటికీ వేరే మాటలు ఉండి తీరాలండీ.

మా బాబాయి ఇల్లు కట్టించుకునేటప్పుడు బిల్డరుతో తెలుగులోనే అగ్రిమెంటు రాసుకున్నాడు. అందులో "వివాదం వస్తే మధ్యవర్తి ద్వారా పరిష్కరించుకోవాలి" అని ఉంటే, ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడినట్టే కదా, కుదరకపోతే కోర్టు ఎలాగూ ఉంది అనుకుని సంతకం పెట్టాడు. గొడవ ముదిరి నోటీసు వచ్చినప్పుడు రాజీ ఇష్టం లేదని అసలు వెళ్లనే లేదు. తీరా అది ఆర్బిట్రేషన్, ఆయన లేకుండానే విచారణ అయిపోయి అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు, వచ్చింది.

1996 ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం ఆ అవార్డు కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. 34వ సెక్షన్ కింద మూడు నెలల్లోపు కోర్టుకు వెళ్లి కొట్టేయమని అడగొచ్చు, కానీ చాలా కొద్ది కారణాలకే, కేసు మొత్తం మళ్లీ మొదటినుంచీ వినరు. మీడియేషన్ అలా కాదు, ఇద్దరూ ఒప్పుకుంటేనే ఒప్పందం. దానికి 2023లో విడిగా చట్టమే వచ్చింది. హైదరాబాదులో 2021లో మొదలైన అంతర్జాతీయ కేంద్రం పేరులో కూడా ఆర్బిట్రేషన్, మీడియేషన్ రెండూ పక్కపక్కనే ఉంటాయి, తెలుగులో 'మధ్యవర్తిత్వ కేంద్రం' అనేసరికి ఆ తేడా పోతోంది.

> పంచాయితీ అనొచ్చుగా?

మా తెలంగాణలో పంచాయితీ అంటే గొడవ కూడానండీ, "ఏం పంచాయితీ పెట్టినవ్" అంటాం. తగవుకీ ఇదే జరిగింది. 'తగు' నుంచి వచ్చిన మాట, పాత కావ్యాల్లో తగవు అంటే న్యాయం, ధర్మం. ఇప్పుడేమో కొట్లాట. తగవరి అంటే న్యాయం చెప్పేవాడని అర్థం, నాకు ప్రాణమైన మాట, కానీ ఈ రోజు వింటే తగాదాకోరు అనుకుంటారని భయం.

> మరి తీర్పరి?

అదే నా ఓటు. మాటలోనే తీర్పు వినిపిస్తుంది. మీడియేషన్ చేసేవాణ్ణి మధ్యవర్తి అనే ఉంచి, ఆర్బిట్రేటర్‌ని తీర్పరి అందాం. అగ్రిమెంటులో "తీర్పరి చెప్పిన తీర్పుకు ఇద్దరూ కట్టుబడాలి" అని ఉండుంటే మా బాబాయి సంతకం పెట్టేముందు ఎవరైనా వకీలును అడిగేవాడు, కనీసం నోటీసు వచ్చిన రోజైనా వెళ్లేవాడు.