చినుకు పడలేదు, అయినా జీపీఎస్ ఫేజ్ దూకింది. ఎవరైనా చెప్పగలరా?

రేగడిచేను:
అందరికీ నమస్తే. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్తాను. నంద్యాల దగ్గర మాకు నాలుగెకరాల నల్లరేగడి, నాన్న ఏటా శనగ వేస్తాడు. పదును చూడాలంటే ఆయన గడ్డపారతో ఒక పోటు పొడిచి, పిడికెడు మట్టి నొక్కి చూసుకుంటాడు, అంతే. దాన్ని అంకెల్లో పట్టుకోవాలని నా పంతం.

గట్టు మీద రెండు మీటర్ల పైపు పాతి, పైన జీపీఎస్ యాంటెన్నా బిగించాను. ఉపగ్రహం నుంచి నేరుగా వచ్చే సిగ్నలూ, నేలకు తగిలి పైకి లేచే సిగ్నలూ యాంటెన్నా దగ్గర కలుస్తాయి. ఉపగ్రహం ఎక్కేకొద్దీ ఆ రెండూ ఒకసారి తోడవుతాయి, ఒకసారి కొట్టుకుపోతాయి. అందుకే సిగ్నల్ బలం గీత అలలు అలలుగా వస్తుంది. ఎల్2 (జీపీఎస్ రెండో ఫ్రీక్వెన్సీ) మీద, ఉపగ్రహం నేల నుంచి 5 నుంచి 30 డిగ్రీల ఎత్తుకు ఎక్కేలోపు ఆరేడు అలలు లెక్కపెట్టాను. రెండు మీటర్ల ఎత్తుకు లెక్క ప్రకారం రావాల్సినవీ అన్నే. ఆ గీత ఇంట్లో అందరికీ చూపించాను. కాఫీ తాగుతావా అన్నారు.

మట్టి తడిస్తే ఈ అలల ఫేజ్ (అల ఏ చోట ఉందన్న లెక్క, పూర్తి అలకు 360 డిగ్రీలు) జరుగుతుంది. సెప్టెంబరు వానలకు జరిగింది కూడా. కానీ అక్టోబరులో, వారం రోజులుగా చినుకు లేనప్పుడు, ఒక్క రోజులో 18 డిగ్రీలు దూకి అక్కడే నిలబడిపోయింది. తేమగా మారిస్తే పాతిక శాతం తేడా, అసలు నమ్మేలా లేదు. పైగా పడమటి వైపు ఉపగ్రహాల్లోనే ఇలా వచ్చింది. తూర్పు వైపువి మామూలుగానే ఉన్నాయి. కేబుల్ మార్చాను, పైపు నిలువు చూశాను, ఏమీ తేలలేదు.

ఇంకో సందేహం. మన దేశం సొంత జీపీఎస్ లాంటి నావిక్ ఉపగ్రహాలు ఎప్పుడూ మన ఆకాశంలోనే ఉంటాయి కదా, వాటితో చేస్తే ఇంకా నయం కాదా?

చలిదేశం:
పైపు ఎందుకు బ్రదర్, నాసా సిగ్నస్ డేటా ఉచితమే కదా? 2016 డిసెంబరులో ఎనిమిది చిన్న ఉపగ్రహాలు పంపారు. సముద్రం మీద తుపాను గాలి వేగం కొలవడానికి పంపినవి, నేల తేమ కొసరుగా దొరికింది. అటూ ఇటూ 38 డిగ్రీల అక్షాంశాల దాకా చూస్తాయి, మన జిల్లాలన్నీ అందులోనే.

రేగడిచేను:
అది చూశాను అన్నా. ఒక్కో చుక్క కొన్ని కిలోమీటర్ల మేర. అందులో మా నాలుగెకరాలతోపాటు ఊరూ చెరువూ కూడా మునిగిపోతాయి.

బౌల్డర్ నుంచి:
ఈ పద్ధతి పుట్టిన ఊళ్లోనే చదివాను కాబట్టి చెప్తాను. కొలరాడో యూనివర్సిటీలో క్రిస్టీన్ లార్సన్ భూమి కదలికల మీద జీపీఎస్‌తో పనిచేసేవారు. ఆ పనిలో నేల మీంచి వచ్చే సిగ్నల్ వట్టి తలనొప్పి, దాన్ని వదిలించుకోవడానికే యాంటెన్నాలు తయారుచేస్తారు. 2008 ప్రాంతంలో ఆమె బృందం ఆ తలనొప్పిలోంచే తేమ లెక్క తీసింది. ఆమె రాసిన జీఎన్ఎస్ఎస్‌రెఫ్ల్ సాఫ్ట్‌వేర్ ఉచితం, వాడుతున్నారా?

ముందు నావిక్ సంగతి. వాటిలో కొన్ని భూస్థిర ఉపగ్రహాలు, అవి మనకు కదలవు, కోణం మారకపోతే అలే రాదు. మిగతావి ఎనిమిది అంకెలా తిరుగుతాయి గానీ మన దగ్గర్నుంచి చాలావరకు ఎత్తులోనే ఉంటాయి. మీకు కావాల్సింది కింది కోణాలు. జీపీఎస్‌తోనే ఉండండి. రోజూ నాలుగు నిమిషాలు ముందుగా అదే దారిన వస్తుంది, నిన్నటితో నేటిని పోల్చుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇక ఆ దూకుడు. మీరు నేల నుంచి యాంటెన్నా ఎత్తును స్థిరమనుకుని ఫేజ్ తీస్తున్నారు. నేల మట్టం రెండు సెంటీమీటర్లు మారితే ఎల్2 మీద, 18 డిగ్రీల కోణం దగ్గర, ఫేజ్ సుమారు 18 డిగ్రీలు కదులుతుంది. మీ అంకె అదే! ఆ రోజు చేన్లో ఏమైనా చేశారా? తూర్పున ఉన్నది ఎవరి చేను? 5 డిగ్రీల దగ్గర సిగ్నల్ తగిలే చోటు పైపుకు ఇరవై మీటర్లకు పైనే ఉంటుంది. గట్టు మీద పాతారంటే ఇద్దరి చేలూ కొలుస్తున్నట్టే.

రిటైర్డ్ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి):
గుంటక తోలి ఉంటారు బాబూ. శనగకు ముందు తోలకుండా ఎవరుంటారు? మట్టి గుల్లబారి పైకి లేస్తుంది.

ఇంకో మాట. ఆ పాతిక శాతం దేంతో సరిచూశావు? ఇనప రింగుతో మట్టి తీసి తూకం వెయ్యి, 105 డిగ్రీల ఓవెన్లో 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూకం వెయ్యి. విత్తే లోపు కనీసం నాలుగైదు సార్లు. రేగడిలో ఇరవై శాతం, చల్కలో ఇరవై శాతం ఒకటి కాదు. రేగడి నీళ్లు పట్టుకుంటుంది గానీ చెట్టుకు తొందరగా వదలదు. తర్వాత నెర్రెలు విచ్చితే నీ అలలు ఏమవుతాయో చూడాలని నాకూ ఉంది.

రేగడిచేను:
ఏఈఓ గారూ, దండాలు. నాన్నను అడిగితే ఆ పొద్దే గుంటక తోలించాడట. నేను కాలేజీలో ఉన్నా, నాకు చెప్పే పని ఏముంది ఆయనకు. తూర్పు చేను పక్కోళ్లది, ఇంకా తోలలేదు. అందుకే అటు గీత కదల్లేదు! పది రోజులు కేబుళ్లు విప్పి బిగించుకుంటూ కూర్చున్నా.

ఇక నుంచి గుంటక రోజు దగ్గర లెక్క తెంపి, కొత్త ఎత్తుతో మళ్లీ మొదలుపెడతా. కాలేజీ ల్యాబ్ ఓవెన్ ఎలాగూ ఖాళీయే. దీనికి అందేది పైన ఐదు సెంటీమీటర్లే అని నాన్నకు చెప్తే, "విత్తనం పడేదే అంతకంటే లోతున, నాకు జానెడు లోతున తడి కావాల" అని గడ్డపార తీసుకుని పోయినాడు.

రెండడుగులు వేసి వెనక్కి తిరిగినాడు. "మీ ఉపగ్రహానికి గుంటక కూడా కనపడతాదా? ట్రాక్టరోడు రెండు సాళ్లని లెక్క తీసుకున్యాడు, ఒక సాలే తోలినాడేమో అడుగు."

బౌల్డర్ అన్నా, అది తెలుస్తుందా?