“అనేకులు దాని చూచి”: పాటను వింటారు గదా, చూడడం ఏంది?

గ్రూపులోని పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. పోయిన ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, మా అక్క కూతురు వాక్యం చదివింది. తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. బైబిల్లో 40వ కీర్తన, మొదటి మూడు వచనాలు. మూడో వచనంలో “నా నోట నుంచెను” దగ్గర ఆగిపోయింది. “నా నోట నుంచి…” అని చదివి, నోట నుంచి ఏమొచ్చిందో వెతుక్కుంటూ నిలబడింది. అందరూ ఓపికగా ఉన్నారు గానీ పాపకు టెన్షన్ వచ్చి గబగబా ముగించేసింది.

ఇంటికొచ్చే దారిలో నన్ను రెండు ప్రశ్నలు అడిగింది. మొదటిది ఇదే. రెండోది: “మామా, పాటను వింటారు గదా. ఇందులో చూసినారని ఉందేంది?”

మొదటి దానికి అక్కడికక్కడే జవాబు చెప్పినాను. రెండో దానికి నా దగ్గర ఒక జవాబు ఉంది గానీ అది వ్యాకరణం కాదు, మా ఇంటి సంగతి. ముందు మీరేమంటారో వినాలని ఇక్కడ పెడుతున్నాను. వచనం ఇది:

“తనకు స్తోత్రరూపమగు క్రొత్తగీతమును మన దేవుడు నా నోట నుంచెను. అనేకులు దాని చూచి భయభక్తులుగలిగి యెహోవాయందు నమ్మికయుంచెదరు.”

“నోట నుంచెను” అంటే నోట + ఉంచెను. నోటిలో పెట్టాడు అని. మధ్యలో ఉన్న నకారం ద్రుతం, అంటే కొన్ని మాటల చివర చేరే ‘న’. ‘నోట’ అన్న ఈ రూపం మనకు కొత్తేమీ కాదు. “నోట మాట రాలేదు” అంటాం, “ఇంట గెలిచి రచ్చ గెలువు” అంటాం. కానీ ఈ కాలం పిల్లల చెవికి ‘నుంచి’ అన్న మాటే ముందు తగులుతుంది, అందుకే తడబాటు. అర్థం మాత్రం తలకిందులైపోతుంది చూడండి. పాట నా నోట్లో నుంచి పుట్టిందని కాదు, నా నోట్లో ఇంకొకరు పెట్టారని. ఆ ఒక్క నకారం మీద వచనమంతా నిలబడి ఉంది.

ఇక ‘చూచి’. తెలుగులో చూడడం కంటితోనే కాదు. రుచి చూస్తాం, నాడి చూస్తాం, దారి చూస్తాం. “యెహోవా ఉత్తముడని రుచి చూచి తెలిసికొనుడి” అని 34వ కీర్తనలో ఉంది, అక్కడ నాలుకే చూస్తోంది. కానీ “పాట చూసినాను” అని నేనెక్కడా వినలేదు. మరి ఇక్కడ ‘దాని విని’ అని ఎందుకు రాయలేదు?

*

పుంగనూరు అన్న:
ఎందుకు వినలేదు తమ్ముడూ? మా వైపు ఊళ్ళలో భారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి నాటకం. “హరికథ చూసొచ్చినాం” అనే అంటారు, “వినొచ్చినాం” అనేది తక్కువ. చెక్కభజనా అంతే. పాట వినపడతానే ఉంటుంది, కానీ జనం వచ్చేది చూడను. తిరుపతిలో మీరు మాత్రం “కచేరి చూడను పోతాం” అనరా?

చిత్తూరు అక్క:
మంచి ప్రశ్న. నాకు ‘భయభక్తులు’ మీద ధ్యాస పోయింది. మా అమ్మ మమ్మల్ని తిట్టినప్పుడల్లా “భయం భక్తీ లేకుండా పోయింది మీకు” అనేది. అది దేవుడి గురించి కాదు, పెద్దోళ్ళ ఎదుట కాళ్ళు చాపుకొని కూర్చున్నందుకు! ఇంట్లో అంత వాడుకలో ఉన్న జంటపదాన్ని అనువాదకులు తీసుకొచ్చి ఇక్కడ పెట్టడం నాకు బాగా నచ్చింది.

వేదాంత విద్యార్థి:
అక్క చెప్పినదానికి చిన్న చేర్పు. హీబ్రూలో అక్కడ ఉన్నది ఒక్క ‘భయపడుట’ అన్న క్రియే. భక్తి అనేది తెలుగులో జతపడింది. అలా జతపడకపోతే, పాట చూసి జనం జడుసుకున్నారు అనే అర్థం వచ్చేది. ఇక అన్న అడిగిన ‘చూచి’ హీబ్రూలోనూ ‘చూచి’యే. పైగా అక్కడ ‘చూస్తారు’, ‘భయపడతారు’ అనే రెండు మాటలూ దాదాపు ఒకే ధ్వనితో దగ్గరదగ్గరగా వస్తాయి: యిర్ఊ, యీరాఊ. చెవికి ఒకటి ఇంకొకదాని ప్రతిధ్వనిలా ఉంటుంది. ఈ అందం మన భాషలోకి రాలేదు, రావడం కష్టం కూడా. ఇంకో ముఖ్యమైన సంగతి, హీబ్రూలో ‘దాని’ అనే మాట లేదు. “అనేకులు చూస్తారు” అని అంతే. దేన్ని చూస్తారో చెప్పలేదు. తెలుగులో కర్మపదం లేకుండా వాక్యం వెలితిగా ఉంటుందని ‘దాని’ పెట్టి ఉంటారు. అది పెట్టేసరికి మన చూపు నేరుగా పాట మీద పడింది.

మదనపల్లె మాస్టారు:
చాలా బాగా చెప్పావు నాయనా. మా ఊరి సంగతి ఒకటి గుర్తు చేస్తాను. ఆర్కాటు మిషనుకు చెందిన జేకబ్ చేంబర్లేన్ గారు వైద్యుడు, మిషనరీ. చాలా కాలం మదనపల్లెలో పని చేశారు, 1908లో ఇక్కడే కన్నుమూశారు. తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఆయన అధ్యక్షులు. ఆ సంఘాల వాళ్ళు ఒక్కొక్క మాట దగ్గర ఎంతసేపు కూర్చుని ఉంటారో! రెండో వచనంలో “జిగటగల దొంగ ఊబి” అని ఉంది, చూశారా? ‘దొంగ’ అన్న ఒక్క మాటలో, పైకి గట్టి నేలలా కనబడి కాలు పెట్టగానే లోపలికి లాక్కునే తత్త్వమంతా వచ్చింది. దొంగ నిద్ర, దొంగ దెబ్బ, దొంగ ఊబి. తెలుగు బాగా వచ్చిన చెయ్యి పడితేనే ఇలాంటి మాట పడుతుంది.

అలిపిరి తమ్ముడు:
‘స్తోత్రం’ మీద నాదొక మాట. మాకు తెల్లవారుతూనే కొండ మీది సుప్రభాతం. అందులో నాలుగు భాగాలు: సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం. మొత్తం 70 శ్లోకాలు. అదే ‘స్తోత్రం’ మీ గుడిలో ప్రార్థన మధ్యలో వినబడుతుంది. కొండ మీదా కీర్తనే, గుడిలోనూ కీర్తనే. ధాతువు ‘స్తు’. స్తుతి, స్తవం, స్తోత్రం అన్నీ అందులోవే. రోజుకు పదిసార్లు వాడే ‘ప్రస్తుతం’ కూడా ఆ ఇంటి బిడ్డే. మొదట్లో దాని అర్థం పొగడబడినది, ప్రస్తావనకు వచ్చినది అని. ఇప్పుడు ‘ఈ సమయంలో’ అయిపోయింది.

పాటను చూడడం గురించి అన్నారు కాబట్టి అన్నమయ్య గుర్తొస్తాడు. 1408లో పుట్టి 1503లో పోయిన మనిషి. 32,000 సంకీర్తనలు పాడాడని ప్రతీతి, మనకు దక్కినవి 12,000కు పైగా. దక్కడానికి కారణం వాటిని రాగి రేకుల మీద చెక్కించి, కొండ మీద గుడిలోనే ఒక అరలో భద్రం చేయడం. పాట కంటికి కనబడే వస్తువైంది. కానీ ఆ రేకులు ఎన్నో తరాలు అక్కడే ఉండిపోయాయి, గత శతాబ్దంలో బయటికి తీసి చదివి రాగాలు కట్టి పాడిన తర్వాతే జనం నోళ్ళలోకి వచ్చాయి. రాగిలో ఉన్నంత కాలం అవి ఎవరి మనసునూ కదిలించలేదు.

పుంగనూరు అన్న:
అయితే ఒకటి మాత్రం ఆగలేదు తమ్ముడూ. “తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి” అని మన దగ్గర నానుడే ఉంది గదా. రాత్రి ఏకాంత సేవలో స్వామికి అన్నమయ్య లాలి, వెంగమాంబ పేరున హారతి. వాళ్ళు పోయినా వాళ్ళ భక్తి రోజూ రాత్రి ఒకసారి కనబడుతుంది.

*

అందరికీ దండాలు. ఇంత వస్తుందనుకోలేదు. తిరుపతిలో మేమూ “కచేరి చూడను పోతాం” అనే అంటాం, పుంగనూరు అన్నా. నోట్లో ఉన్న మాటే, నాకు తోచలేదు. హీబ్రూలో ‘దాని’ లేదని తమ్ముడు చెప్పిన తర్వాత మా ఇంటి సంగతి చెప్పడానికి ధైర్యం వచ్చింది.

1996 నాటి మాట. మా వీధికంతా ఒకటే కొళాయి. తెల్లవారుజామున ఐదుకు నీళ్ళొచ్చేవి. మా అమ్మ నాలుగున్నరకే బిందెలు వరసలో పెట్టి, అరుగు మీద కూర్చుని సన్నగా ఒక కీర్తన ఎత్తుకునేది. గొంతు గొప్పదేమీ కాదు. తాళం లేదు, చేతిలో పుస్తకం లేదు. బిందె నిండే లోపల రెండు చరణాలు అయ్యేవి. నిండిన బిందె చంకన పెట్టుకుని లోపలికి వస్తూ మూడో చరణం. గోడ అవతల ఇంటి ఆమెను మేము పెద్దమ్మ అనేవాళ్ళం. ఆమె దోసెల అంగడి నడిపేది. “మీ అమ్మ పాట ఎత్తుకుంటే నేను పొయ్యి ముట్టిచ్చే టైం” అనేది. ఆమెకు గడియారం అదే.

ఆ ఏడాది మా నాయన పోయినాడు. రోడ్డు మీద, ఒక్క క్షణంలో. ఆ తర్వాత అమ్మ నీళ్ళకు పోయేది, బిందెలు పట్టేది, పాట లేదు. నలభై రోజులకు పైనే. ఎవరూ అడగలేదు. అడగడానికి ఏముంది?

ఒక పొద్దున నాకు మెలకువ వచ్చింది. పాట వినబడుతోంది. పల్లవి అయింది, మొదటి చరణంలో రెండో పాదం దగ్గర గొంతు పూడుకుపోయింది. నేను కిటికీలోంచి చూసినాను. అమ్మ బిందెను కొళాయి కిందనుంచి పక్కకు జరిపింది. నీళ్ళు ఊరికే పోతున్నాయి. కొంగుతో మొహం తుడుచుకుంది. బిందెను మళ్ళీ కింద పెట్టింది. పాటను ఆగిన చోట నుంచి కాదు, పల్లవి నుంచి మళ్ళీ ఎత్తుకుంది. గోడ అవతల పెద్దమ్మ, చేతిలో పేడనీళ్ళ బకెట్టు అట్లే పట్టుకుని నిలబడి ఉంది.

ఆ సంగతి నేను మర్చిపోయినాను. 2011లో అమ్మ పోయినప్పుడు పెద్దమ్మ వచ్చి నా పక్కన కూర్చుని చెప్పింది. ఆమె చిన్నకొడుకు అంతకు ముందే జబ్బు చేసి పోయినాడు, అది మాకూ తెలుసు. తెలియనిది ఏమంటే, ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో దీపం పెట్టలేదు. అయిదేండ్లు. “ఆ పొద్దు మీ అమ్మ పాడింది చూసినా నాయనా. గొంతు రాకపోతే మళ్ళా మొదటి నుంచి పాడింది చూసినా. పేడనీళ్ళు ఆడనే పెట్టేసి ఇంట్లోకి పోయి దీపం ముట్టిచ్చినా.”

పాడింది ‘విన్నా’ అనలేదు. రెండుసార్లూ ‘చూసినా’ అనే అనింది. తెల్లవారుజామున రోజూ ఆమె విన్నది పాట. ఆ పొద్దున చూసింది మా అమ్మను. కీర్తనకారుడు కూడా వరస అట్లే పెట్టినాడు. ముందు ఊబిలో నుంచి పైకెత్తడం, తర్వాత బండ మీద కాళ్ళు నిలపడం, ఆ తర్వాతే నోట్లో పాట. ఆ మనిషి ఎక్కడి నుంచి లేచి వచ్చి పాడుతున్నాడో ఎదురుగా ఉన్నోళ్ళకు తెలుసు. అందుకే ‘చూస్తారు’.

*

వేదాంత విద్యార్థి:
అన్నా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. అయినా ఒకటి అడగాలి, తప్పుగా అనుకోవద్దు. వచనంలో “యెహోవాయందు నమ్మిక” అని ఉంది. పెద్దమ్మ ముట్టించిన దీపం వాళ్ళ ఇంటి దేవుడిది గదా?

*

తప్పేముంది తమ్ముడూ, అడగాల్సిందే. వచనం చెప్పింది వచనం చెప్పినట్టే ఉండాలి, మా పెద్దమ్మ కోసం దాని అర్థం నేను సాగదీయను. మా అమ్మ కూడా సాగదీసేది కాదు, ఆమె నమ్మిక ఎవరిమీదో వీధిలో అందరికీ తెలుసు. పెద్దమ్మ దీపం సంగతి అమ్మకు తెలియనే తెలియదు. తెలిసి ఉంటే ఏమనేదో నేను చెప్పలేను. నేను చెప్పేది ‘చూచి’ అన్న మాట వరకే. నమ్మకం చచ్చిపోయిన మనిషిలో మళ్ళీ నమ్మకం కదలడానికి ఆ రోజు పనిచేసింది స్వరం కాదు, పక్కింటి మనిషి మళ్ళీ పల్లవి ఎత్తుకోవడం. మా అమ్మ ఎవరికీ బోధించలేదు, ఎవరినీ గుడికి రమ్మని పిలవలేదు. నీళ్ళు పట్టుకుంటూ దేవుణ్ణి పొగిడింది, అంతే.

‘నమ్మిక’ అన్న మాట కూడా నాకు ఇష్టం. ‘నమ్మకం’ మనం అన్నిటికీ వాడతాం, అప్పు ఇచ్చేటప్పుడు కూడా. ‘విశ్వాసం’ కుక్కకూ ఉందంటాం. ‘నమ్మిక’ మాత్రం పాత గుడ్డలా మెత్తగా ఉండి, ఇప్పుడు ఎక్కువగా ఈ వాక్యాల్లోనే మిగిలింది.

ఈ పోస్టు రాసే ముందు పెద్దమ్మ దగ్గరికి పోయి అడిగినాను. ఇప్పుడు ఆమెకు కళ్ళు సరిగా ఆనవు. “రాసుకో నాయనా, మీ అమ్మ గురించి గదా” అనింది.

మదనపల్లె మాస్టారు లేవనెత్తిన ‘దొంగ ఊబి’ మీద ఇంకా మాట్లాడుకోవాల్సింది ఉంది. స్వర్ణముఖి ఒడ్డు ఊళ్ళోళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఏటి ఇసుకలో కాలు దిగబడే చోటును మీ వైపు ఏమంటారు?

చంద్రగిరి తమ్ముడు:
మా నాయన ‘ఊబి’ అనే అంటాడు అన్నా. ‘దొంగ ఊబి’ అనడం నేను వినలేదు. సాయంత్రం మా అవ్వను అడిగి చెప్తా.