‘ఒబాసాన్’ను తెలుగులో ఏమని పిలవాలి?

జాయ్ కొగావా నవల ‘ఒబాసాన్’ (1981) మా అమ్మ కోసం తెలుగు చేస్తున్నాను. 1942లో కెనడా ప్రభుత్వం జపనీస్ కెనడియన్లను పశ్చిమ తీరం నుంచి ఖాళీ చేయించి, స్లోకాన్ లాంటి చోట్లకు తరలించిన కథ. అక్కడ కథ చెప్పే నయోమీని, ఆమె అన్న స్టీఫెన్‌ను పెంచేది వాళ్ల పెదనాన్న భార్య. ఆవిడను పిల్లలు ‘ఒబాసాన్’ అంటారు; జపనీస్‌లో పెద్దమ్మ, పిన్ని, అత్త ఎవరినైనా పిలిచే మాట అది.

ముందు ‘పెద్దమ్మ’ అని రాశాను. కానీ 1941లో జపాన్ వెళ్లిన నయోమీ తల్లి తిరిగి రాదు. నయోమీ పిలిచిన ప్రతిసారీ అందులో ‘అమ్మ’ వినిపిస్తుంటే ఆ లోటే పూడిపోయినట్టుంది. ‘అత్తయ్య’ అంటే వరసే తప్పు. ‘ఒబాసాన్’ అనే ఉంచి మూడు అధ్యాయాలు ఇస్తే, అమ్మ “అది ఆవిడ పేరా?” అంది. ఫుట్‌నోట్ పెట్టాను, చదువుకి అడ్డొస్తోంది.

మీరైతే పెద్దమ్మ అంటారా, ఒబాసాన్ అనే ఉంచుతారా?